మైలేజీ తగ్గకుండా పికప్ ట్రక్కు ఇంజిన్ పవర్ పెంచుకోవడం ఎలా

పవర్ పెంచితే మైలేజీ పడిపోతుంది, మైలేజీ కావాలంటే లాగుడు వదులుకోవాల్సిందే అని చాలామంది గట్టిగా నమ్ముతారు. అందులో సగమే నిజం. ఇంజిన్‌లో పవర్ ఉన్నంత మాత్రాన అది ఎక్కువ ఇంధనం తాగదు. ఆ పవర్‌ను మీరు వాడినప్పుడు తాగుతుంది, లేదా తప్పుడు దారిలో తెచ్చుకున్నప్పుడు తాగుతుంది. సరైన వరసలో పని చేసుకుంటూ వెళ్తే రెండూ కలిసే పెరుగుతాయి, ఎందుకంటే చాలా బండ్లలో పవర్‌ను తినేస్తున్న లోపమే మైలేజీనీ తినేస్తూ ఉంటుంది.

ఒక చిన్న లెక్క చూడండి. రెండు టన్నుల పికప్ ఎత్తుపల్లాలు లేని రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోతోందనుకుందాం. గాలిని చీల్చుకుంటూ వెళ్లడానికి, టైర్లు దొర్లడానికి కలిపి చక్రాల దగ్గర దానికి కావాల్సింది సుమారు 17 హార్స్‌పవర్. వేగం 100కి పెంచితే 29, 120కి పెంచితే 45 దాకా అవుతుంది. ఇంజిన్ మీద 150 అని రాసి ఉన్నా 180 అని రాసి ఉన్నా రోడ్డు అడిగేది అంతే, మిగతాదంతా ఓవర్‌టేక్ చేసేటప్పుడో, ఎత్తు ఎక్కేటప్పుడో, లోడు వేసినప్పుడో మాత్రమే బయటికి వస్తుంది. ఆ 29 హార్స్‌పవర్‌ను ఇంజిన్ ఎంత పొదుపుగా తయారు చేస్తోంది అన్నదే మైలేజీని తేలుస్తుంది, మొత్తం ఎంత తయారు చేయగలదు అన్నది కాదు.

కాబట్టి వరస ఇది: ముందు కొలత, తర్వాత పోయిన పవర్‌ను వెనక్కి తెచ్చుకోవడం, ఆ తర్వాత బండి మీద భారం తగ్గించడం, గేర్లూ టైర్ల సంగతి చూడటం, ఆపైన గాలి, సైలెన్సర్ పని, అన్నీ అయ్యాక చివర్లో ట్యూనింగ్ (ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు మార్చడం). చాలామంది చివరి పనితో మొదలుపెట్టి డబ్బు పోసుకుంటారు. జబ్బుగా ఉన్న ఇంజిన్‌కు ట్యూనింగ్ చేయిస్తే జబ్బు ఇంకా ముదురుతుంది.

ముందు కొలవండి

కొలత లేకుండా ఏ పార్టు మార్చినా బండి తేలిగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది, ఖర్చు పెట్టిన మనసు అలాగే చెబుతుంది. మైలేజీకి డ్యాష్‌బోర్డు మీద కనిపించే అంకెను నమ్మకండి. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగేదాకా ట్యాంకు నింపి, తర్వాతిసారి కూడా అలాగే నింపి, పోసిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించండి. ఒక్క ట్యాంకుతో తేల్చేయొద్దు, కనీసం మూడు ట్యాంకుల సగటు తీయండి.

పవర్‌కు డైనో (బండి పవర్‌ను కొలిచే యంత్రం) దొరికితే మంచిదే. దొరక్కపోతే ఫోన్‌లో జీపీఎస్ యాప్ చాలు. ట్రాఫిక్ లేని సమతలమైన రోడ్డు మీద, ఒకే గేరులో, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 60 నుంచి 100కి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి, గాలి వాలూ రోడ్డు వాలూ కొట్టేసేలా రెండు దిక్కుల్లోనూ చేసి సగటు తీయండి. 2,000 కిలోల బండి 10 సెకన్లలో ఆ వేగం అందుకుంటే, వేగం పెంచడానికి మాత్రమే సగటున 66 హార్స్‌పవర్ వాడినట్టు. అదే 9.3 సెకన్లకు దిగితే 71. అంటే సెకనులో ముప్పావు వంతు కూడా తగ్గకుండానే ఏడు శాతం పవర్ పెరిగింది, ఇది సీట్లో కూర్చుని కనిపెట్టగలిగే తేడా కాదు, అందుకే గడియారం కావాలి. ముందూ తర్వాతా కొలిచేటప్పుడు ఎండ, బండిలో బరువు, టైర్ల గాలి ఒకేలా ఉండాలి. మధ్యాహ్నం వేడిలో కొలిచినదాన్ని తెల్లవారుజామున కొలిచినదానితో పోలిస్తే చల్లగాలి ఇచ్చిన పవర్‌ను మీరు కొత్త పార్టు ఖాతాలో వేస్తారు.

పోయిన పవర్‌ను వెనక్కి తెచ్చుకోవడం

ఎయిర్ ఫిల్టర్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే దీని మీద అపోహలు ఎక్కువ. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ చేసిన పరీక్షల్లో, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోల్ బండ్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీలో పెద్ద తేడా రాలేదు, కానీ కొత్త ఫిల్టర్ వేస్తే వేగం అందుకోవడం 6 నుంచి 11 శాతం మెరుగైంది. కారణం తేలికే. మామూలుగా నడిపేటప్పుడు పెట్రోల్ ఇంజిన్‌లో థ్రాటిల్ పలక ఎలాగూ గాలిని సగం మూసే ఉంచుతుంది, లోపలికి వచ్చిన గాలిని కొలిచి కంప్యూటర్ అంతకు తగ్గట్టే పెట్రోలు పోస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో మాత్రమే ఫిల్టర్ అడ్డం వస్తుంది. పాత కార్బురేటర్ బండ్ల సంగతి వేరు, అక్కడ ఫిల్టర్ మూసుకుపోతే మిశ్రమం చిక్కబడి మైలేజీ కూడా పోతుంది. డీజిల్‌లోనూ అంతే, గాలి తగ్గితే లోడు మీద నల్లపొగ, టర్బో మీద అదనపు భారం, పవర్ తక్కువ, ఖర్చు ఎక్కువ. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండికి మాన్యువల్‌లో రాసిన గడువు కంటే ముందే ఫిల్టర్ మార్చండి.

పెట్రోల్ బండికి తర్వాతి పని స్కానర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే పరికరం) పెట్టడం. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు కాబట్టి అంతా బాగుందనుకోవద్దు. స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక అంకె కనిపిస్తుంది, మిశ్రమం సరిచేయడానికి కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో (ప్లస్), తగ్గిస్తోందో (మైనస్) అది చెబుతుంది, అది సున్నాకు అటూ ఇటూ ఐదు శాతంలో ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు, పది దాటితే వెతకాల్సిందే. ఇక్కడ కొంచెం ఓపికగా చూడండి, అంకె ఒక్కటే కాదు, అది ఎప్పుడు పెరుగుతోందన్నది అసలు సంగతి చెబుతుంది. బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు ప్లస్ 12, ప్లస్ 15 చూపించి 2,500 ఆర్‌పీఎంకి రాగానే మామూలైపోతే ఎక్కడో వాక్యూమ్ పైపు పగిలిందని, కొలతకు అందకుండా గాలి లోపలికి దూరుతోందని అర్థం. ఐడిల్‌లో బాగానే ఉండి లోడు మీద పెరిగితే ఫ్యూయల్ పంపు బలహీనపడిందో, ఫిల్టర్ మూసుకుందో, గాలిని కొలిచే మాఫ్ సెన్సార్ మురికి పట్టిందో చూడాలి. మైనస్‌లోకి బాగా పోతే ఇంజెక్టర్ కారుతోందేమో అనుమానించండి. మాఫ్ సెన్సార్‌ను దానికోసమే అమ్మే క్లీనర్ స్ప్రేతోనే కడగండి, బ్రష్షు, గుడ్డ, వేలు ఏవీ తగలకూడదు, లోపలి తీగ వెంట్రుక మాదిరి ఉంటుంది. నూనె పూసి వాడే కాటన్ ఫిల్టర్లు వేసుకునేవాళ్లు నూనె ఎక్కువ పూస్తే అది వెళ్లి ఈ తీగ మీదే పేరుకుంటుంది.

పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచి కంప్యూటర్‌కు చెప్పే ఆక్సిజన్ సెన్సార్ పాడైతే దెబ్బ చాలా పెద్దది. పూర్తిగా చెడిపోయిన సెన్సార్‌ను మారిస్తే మైలేజీ 40 శాతం దాకా మెరుగయ్యే అవకాశం ఉందని అమెరికా ప్రభుత్వ ఇంధన పొదుపు సమాచారంలోనే ఉంది. అంత పెరగడం అరుదే, కానీ పవర్ కోసం సైలెన్సర్లు మార్చేముందు ఈ చిన్న పార్టు పని చేస్తోందో లేదో చూసుకోవడం న్యాయం.

స్పార్క్ ప్లగ్గులు విప్పి వరసగా, ఏ సిలిండర్‌ది ఏదో గుర్తు తెలిసేలా బల్ల మీద పెట్టండి. కొన దగ్గర లేత గోధుమ రంగు ఉంటే మంట బాగా మండుతోంది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది, జిడ్డుగా నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్ పైకి వస్తోంది, తెల్లగా కాలి బొబ్బలెక్కినట్టు ఉంటే మిశ్రమం పలచబడి వేడి ఎక్కువవుతోంది. నాలుగింటిలో మూడు ఒకలా, ఒకటి వేరేలా ఉంటే ఆ ఒక్క సిలిండర్‌లోనే సమస్య. గ్యాపు అరిగి పెరిగితే నిప్పురవ్వ దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, మామూలుగా నడిపితే తెలియదు, లోడు వేసి ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం మిస్ కొడుతుంది. మిస్ కొట్టిన ప్రతిసారీ ఆ సిలిండర్‌లో పడిన పెట్రోలు సైలెన్సర్ దారిన బయటికి పోతుంది. కొత్తవి ఇంజిన్ చల్లారాకే బిగించండి, టార్క్ రెంచ్ వాడండి, అల్యూమినియం హెడ్‌లో మర చెడితే ఆ బాధ పెద్దది.

కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) రేడియేటర్‌కు వెళ్లే దారిని తెరిచి మూసే థర్మోస్టాట్‌ను ఎవరూ పట్టించుకోరు. హైవే మీద పోతుంటే కూలెంట్ వేడి 85 నుంచి 95 డిగ్రీల మధ్య నిలబడాలి. అది 65, 70కి జారిపోతుంటే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయింది. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది, ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న బండ్లలో టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌ను గేర్‌బాక్సుకు ద్రవంతో కలిపే భాగం) లాక్ కావడం కూడా ఆలస్యం కావచ్చు. చవకైన పార్టు, పని కూడా చిన్నదే.

డీజిల్ టర్బో బండిలో నేను ముందు చూడమనేది గాలి లీకు. టర్బో కష్టపడి నొక్కిన గాలి ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచే రేడియేటర్ లాంటిది) దాకా వెళ్లి, అక్కడి నుంచి ఇంజిన్‌లోకి వచ్చేలోపు నాలుగైదు రబ్బరు జాయింట్లు దాటాలి. వాటిలో ఒక్క క్లాంపు వదులైనా బండి లాగదు, నల్లపొగ కొడుతుంది, మీరు ఇంకా తొక్కుతారు, డీజిల్ ఇంకా పోతుంది. పరీక్ష తేలికే. టర్బో ముందున్న గాలి పైపు విప్పి, ఆ నోటికి సరిపోయే మూత పెట్టి, దానికి వాల్వు బిగించి, రెగ్యులేటర్‌తో గాలి మెల్లగా ఎక్కించండి, బండి మామూలుగా ఇచ్చే బూస్ట్ ప్రెషర్ దాటొద్దు. ఇప్పుడు సబ్బు నీళ్లు ప్రతి జాయింటు మీదా, ఇంటర్‌కూలర్ రెండు చివర్లలో ప్లాస్టిక్ ట్యాంకు అతికిన అంచుల మీదా చల్లండి. లీకు ఉన్నచోట బుడగలు పొంగుతాయి. చాలాసార్లు బుడగలు రాకముందే చోటు తెలిసిపోతుంది, రబ్బరు పైపు అడుగు భాగాన, చెయ్యి పెట్టి తడిమితే గానీ అందని వైపు, నూనె చెమ్మకు దుమ్ము అంటుకుని నల్లటి చార ఉంటుంది. క్లాంపు మార్చి మళ్లీ గాలి ఎక్కించి చూడండి, ఒక లీకు మూశాక రెండోది బయటపడటం మామూలే.

దాని తర్వాత డీజిల్ ఫిల్టర్, ఆ తర్వాత ఇంజెక్టర్లు. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు (మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్లేవి) విప్పి ఒక్కోదానికి ఒక్కో చిన్న సీసా తగిలించి ఇంజిన్ కాసేపు నడిపితే, పాడైనదాని సీసా మిగతావాటికంటే ముందే నిండుతుంది. ఈజీఆర్ వాల్వు (కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది), ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే పైపు) లోపల మసి గడ్డకట్టి గాలి దారి ఇరుకైపోతుంటుంది, విప్పి శుభ్రం చేయించండి. వీజీటీ టర్బో (లోపల కదిలే రెక్కలు ఉన్నది) అయితే లోపలి రెక్కలు మసికి పట్టేశాయేమో చూడాలి, కింది ఆర్‌పీఎంలో బండి మొద్దుగా ఉండి పైకి వెళ్లాక బాగా లాగుతుంటే అనుమానం అటే పోవాలి.

ఇవన్నీ చూశాక కూడా తేడా లేకపోతే కంప్రెషన్ టెస్టు (ఒక్కో సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూసే పరీక్ష) చేయించండి. సిలిండర్ల మధ్య తేడా పది, పదిహేను శాతం దాటితే రింగులో వాల్వులో అరిగినట్టు, అప్పుడు ఏ ట్యూనింగూ పనికిరాదు, ముందు ఇంజిన్ పనే. ఎలాగూ ఇంజిన్ విప్పాల్సి వస్తే ఒక అవకాశం ఉంది. పెట్రోల్ ఇంజిన్‌లో కంప్రెషన్ రేషియో (సిలిండర్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందో చెప్పే అంకె) కొద్దిగా పెంచడం పవర్‌నూ మైలేజీనీ ఒకేసారి పెంచే అరుదైన పని. 9 నుంచి 10కి తీసుకెళ్తే సిద్ధాంతం ప్రకారం మూడు శాతం దాకా లాభం. కాకపోతే ఎక్కువ ఆక్టేన్ (మిశ్రమం తనంతట తాను పేలకుండా తట్టుకునే గుణం) ఉన్న పెట్రోలు తప్పనిసరి కావచ్చు, రీబోర్ చేసే మనిషి లెక్క తెలిసినవాడై ఉండాలి.

ఆయిల్ సంగతి ఒక్క మాట. ఇంజిన్‌కు మంచిదని మాన్యువల్‌లో చెప్పినదానికంటే చిక్కటి ఆయిల్ పోయించేవాళ్లు చాలామంది ఉన్నారు. చెప్పిన గ్రేడ్ పోస్తేనే ఒకటి, రెండు శాతం మైలేజీ మిగులుతుంది.

భారం తగ్గించండి

ఇంజిన్‌ను ముట్టుకోకుండా పవర్ పెరిగినట్టు చేసే దారి ఇది. బ్రేకు పట్టేసిన చక్రం ఒక్కటి ఉన్నా ఇంజిన్ రోజంతా దానితో కుస్తీ పడుతుంది. పది, పదిహేను కిలోమీటర్లు బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ నడిపి, చివర్లో బండిని దానంతట అది నెమ్మదించేలా వదిలేసి ఆపండి. దిగి ఒక్కో రిమ్ దగ్గర అరచేయి దూరంగా పెట్టి వేడి చూడండి, ముట్టుకోవద్దు, కాలుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మేలు. మూడు చక్రాలు గోరువెచ్చగా, ఒకటి సెగలు కక్కుతూ ఉంటే క్యాలిపర్ పిన్నులు తుప్పుపట్టాయో, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ వెనక్కి రావట్లేదో చూడాలి. ఆ చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పితే ఖాయంగా తెలుస్తుంది.

టైర్ల గాలి డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీద అతికించిన స్టిక్కర్‌లో ఉన్నంత ఉండాలి, టైరు మీద రాసి ఉండేది గరిష్ఠ పరిమితి, అది మీకు కాదు. నాలుగు టైర్లలో ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుంది. చిన్నదే అనిపిస్తుంది గానీ ఎనిమిది పీఎస్ఐ తగ్గిన టైర్లతో తిరిగే పికప్పులు రోడ్డు మీద బోలెడు. లోడు వేసినప్పుడు వెనక టైర్లకు స్టిక్కర్‌లో వేరే అంకె ఉంటే అది పాటించండి.

బరువు ప్రతి 45 కిలోలకు మైలేజీని ఒక శాతం చొప్పున తగ్గిస్తుంది, చిన్న బండ్లకు ఈ దెబ్బ ఇంకొంచెం ఎక్కువే తగులుతుంది. ఇనుప బంపరు, వించి, వాడని టూల్‌బాక్సు, వెనకాల ఎప్పుడో వేసి మర్చిపోయిన సామాను కలిపి చూసుకోండి. టాపు మీద ర్యాకు, లైట్‌బార్ బరువు కంటే గాలికి అడ్డంపడి ఎక్కువ నష్టం చేస్తాయి. వెనక డాలా తలుపు దించి నడిపితే గాలి తేలిగ్గా పోతుందని అనుకుంటారు, విండ్ టన్నెల్‌లో తేలింది దానికి ఉల్టా. తలుపు మూసి ఉంటే డాలాలో గాలి ఒక సుడిలా తిరుగుతూ నిలబడుతుంది, పై నుంచి వచ్చే గాలి దాని మీదుగా జారిపోతుంది. తలుపు దించితే ఆ సుడి చెదిరి ఈడ్పు పెరుగుతుంది. కాబట్టి మూసే ఉంచండి, చదునైన కవర్ వేస్తే ఇంకొంచెం మేలు.

టైర్ల సైజు, క్రౌన్ రేషియో

ఇది చాలామందికి తెలియని అసలు చిక్కు. 30 అంగుళాల టైర్లతో వచ్చిన బండికి 33 అంగుళాలవి వేస్తే చూడ్డానికి బాగుంటుంది, కానీ ప్రతి గేరూ పది శాతం ఎత్తు పెరిగినట్టే, అంటే చక్రాలకు అందే లాగుడు తగ్గుతుంది. పుల్లింగ్ పోయిందని ఇంజిన్‌ను తిడతారు. పైగా టైరు బరువెక్కి, వెడల్పు పెరిగి దొర్లడానికి ఎక్కువ శక్తి తీసుకుంటుంది. పాత పుల్లింగ్ తిరిగి రావాలంటే రెండే దారులు, టైర్లు పాత సైజుకు దించడం, లేదా క్రౌన్ పినియన్ (ఇరుసులో చక్రాలను తిప్పే చివరి గేర్ల జత) రేషియో మార్చడం. 3.73 ఉన్న బండికి 33 అంగుళాల టైర్లు వేశాక 4.10 పెడితే గేర్లు కచ్చితంగా మొదటి స్థితికి వస్తాయి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందూ వెనకా రెండూ మార్చాలి, ఖర్చు రెట్టింపు.

ఇంకో సంగతి, పెద్ద టైరు వేశాక మీటరు దాదాపు తొమ్మిది శాతం తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. 110 తిరిగితే 100 అంటుంది. మైలేజీ లెక్కలో ఇది సరిచేసుకోకపోతే నిజంగా పోయినదానికంటే ఎక్కువ పోయిందనుకుంటారు.

క్రౌన్ రేషియో అవసరం లేకుండా పెంచుకోవడం కూడా తప్పే. పెట్రోల్ ఇంజిన్ ఒక యూనిట్ శక్తికి అతి తక్కువ పెట్రోలు తాగేది సుమారు 1,500 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య, థ్రాటిల్ బాగా తెరిచి ఉన్నప్పుడు. అదే 29 హార్స్‌పవర్‌ను 3,500 ఆర్‌పీఎంలో, థ్రాటిల్ కొంచెమే తెరిచి తయారు చేస్తే గాలి పీల్చుకోవడానికీ రాపిడికీ చాలా శక్తి వృథా అవుతుంది. డీజిల్‌లో థ్రాటిల్ నష్టం ఉండదు గానీ రాపిడి నష్టం ఉంటుంది. కాబట్టి పికప్‌కు కావాల్సింది పైన ఆర్‌పీఎంలో వచ్చే హార్స్‌పవర్ కాదు, కింద వచ్చే టార్క్ (తిప్పే బలం). కింద టార్క్ పెరిగితే ఎత్తు మీద గేరు దించకుండా లాగించగలరు, లాగుడుతో పాటు మైలేజీ పెరిగేది అక్కడే. ఇక మీదట ఏ పార్టు కొన్నా ఇది 2,000 ఆర్‌పీఎం దగ్గర ఏం చేస్తుందని అడగండి. రేసు క్యామ్‌షాఫ్ట్‌లు (వాల్వులను తెరిచి మూసే కడ్డీలు) వేయాలా అన్నదానికి ఇక్కడే జవాబు దొరుకుతుంది, అవి పైన ఇచ్చినదాన్ని కింద లాక్కుంటాయి, ఐడిల్ కూడా చెడగొడతాయి.

గాలి, సైలెన్సర్

చల్లగాలి ఇన్‌టేక్ పని చేస్తుంది, అది నిజంగా చల్లటి గాలి తెస్తేనే. బానెట్ లోపల తెరిచిన ఫిల్టర్ పెడితే ఇంజిన్ వేడిగాలినే మళ్లీ తాగుతుంది, చప్పుడు పెరుగుతుంది, పవర్ తగ్గుతుంది. కంపెనీ ఇచ్చిన డబ్బా, ముందు నుంచి గాలి తీసుకునే పైపు చాలా బండ్లలో బాగానే ఉంటాయి. టర్బో బండిలో మాత్రం ఇంటర్‌కూలర్ మీద పెట్టే ఖర్చు దండగ కాదు. లోపలికి వెళ్లే గాలి పది డిగ్రీలు చల్లబడితే దాని సాంద్రత మూడు శాతం పెరుగుతుంది, అంత ఎక్కువ ఆక్సిజన్, ఎగ్జాస్ట్ వేడి కూడా తగ్గుతుంది. పెద్దది కొనే ముందు ఉన్నదాని రెక్కల్లో ఇరుక్కున్న పురుగులూ మట్టీ మెల్లగా కడిగి చూడండి.

సైలెన్సర్ విషయంలో లావు పైపు అంటే ఎక్కువ పవర్ అనే లెక్క టర్బో లేని ఇంజిన్లకు కుదరదు. పైపు మరీ లావైతే పొగ వేగం తగ్గి, సిలిండర్ నుంచి పాత పొగను ఈడ్చే ఊపు పోయి కింది టార్క్ పడిపోతుంది. టర్బో తర్వాత ఉండే పైపుకు ఈ ఇబ్బంది లేదు, అక్కడ అడ్డు ఎంత తక్కువైతే అంత మంచిది. అయితే మార్చేముందు క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే డబ్బా) లోపల కరిగి మూసుకుపోయిందేమో చూడండి. ముందున్న ఆక్సిజన్ సెన్సార్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ పెడితే ఐడిల్‌లో ఒకటిన్నర పీఎస్ఐ, 2,500 ఆర్‌పీఎంలో మూడు పీఎస్ఐ దాటకూడదు. దాటితే కొత్తది వేయించండి. కన్వర్టర్‌నో, డీజిల్ పొగలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్‌నో పీకేసి తిరగడం చాలా దేశాల్లో నేరం, పైగా మన వెనక నడిచే మనుషులు ఆ పొగ పీల్చాలి. నేను ఎవరికీ ఆ సలహా ఇవ్వను.

ట్యూనింగ్

టర్బో లేని పెట్రోల్ ఇంజిన్‌కు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) రీమ్యాప్ చేస్తే, అంటే అందులోని లెక్కల ఫైలు (మ్యాప్) మారిస్తే వచ్చేది సాధారణంగా పది శాతం లోపే. టర్బో డీజిల్‌కు పార్టులేవీ మార్చకుండానే 15 నుంచి 25 శాతం రావచ్చు, ఎందుకంటే బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి), డీజిల్ పోత రెండూ ఈసీయూ చేతిలోనే ఉంటాయి. మైలేజీ మాత్రం మ్యాప్ వల్ల ఆకాశానికి లేవదు. కింది టార్క్ పెరిగి, మీరు ఒక గేరు పైన నడపగలిగితే కొంచెం మిగులుతుంది, అంతే. ట్యూనర్‌ను ఎంచుకునేటప్పుడు ఒక్కటే పరీక్ష, పని అయ్యాక ఫుల్ లోడులో నల్లపొగ రాకూడదు. నల్లపొగ అంటే మండకుండా బయటికి పోతున్న మీ డీజిల్. పొగ చూపించి పవర్ వచ్చిందని చెప్పేవాళ్ల దగ్గర బండి పెట్టొద్దు. లోడు లాగే బండి అయితే టర్బో ముందు ఎగ్జాస్ట్ వేడి చూపే గేజ్ బిగించుకోండి. పొడవాటి ఎత్తు మీద అది 700 డిగ్రీలు దాటి అక్కడే నిలబడితే కాలు తీయాలి, పిస్టన్లు అల్యూమినియంవి.

పెట్రోల్‌లో మాన్యువల్ చెప్పిన ఆక్టేన్ కంటే ఖరీదైనది పోస్తే, దానికోసం ట్యూన్ చేయని ఇంజిన్‌కు ఏమీ ఒరగదు. అయితే ఎక్కువ ఆక్టేన్ కావాలని కంపెనీయే చెప్పిన టర్బో ఇంజిన్‌లో తక్కువది పోస్తే మిశ్రమం ముందే పేలడాన్ని పసిగట్టే నాక్ సెన్సార్ నిప్పురవ్వ టైమింగ్ వెనక్కి లాగుతుంది, పవర్, మైలేజీ రెండూ పోతాయి.

టర్బో లేని బండికి బయట నుంచి టర్బో కిట్ వేయాలనే కోరిక చాలామందికి ఉంటుంది. కంపెనీలు చేసి చూపించిన పనే కదా, 2011 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150లో 3.5 లీటర్ల వీ6 ఎకోబూస్ట్ ఇంజిన్ 365 హార్స్‌పవర్ ఇచ్చింది. కానీ ఆ ఇంజిన్‌ను పిస్టన్ల నుంచి డైరెక్ట్ ఇంజెక్షన్ దాకా టర్బో కోసమే కట్టారు. మైలేజీ కోసమే అయితే కిట్ జోలికి పోవద్దని నా సలహా.

ఇంధన పైపుకు కట్టే అయస్కాంతాలు, నీళ్ల నుంచి గ్యాస్ తీసి పంపే డబ్బాలు, గాలిని తిప్పే ఫ్యాన్లు, ఓబీడీ పోర్టుకు (స్కానర్ పెట్టే సాకెట్) తగిలించే చిన్న ప్లగ్గులు, వీటి మీద రూపాయి కూడా పెట్టకండి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఇలాంటివి వందకు పైగా పరిశీలించింది, వాటిలో లాభం కనిపించినవి అతి కొద్ది, అదీ స్వల్పమే. యాక్సిలరేటర్‌కు తగిలించే పెడల్ బాక్సులు మోసం కాకపోయినా పవర్ ఇవ్వవు, సగం తొక్కితే ముప్పావు తొక్కినట్టు చేస్తాయి.

రీమ్యాప్ అయ్యాక మొదటి వారం చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పై గేరులో తక్కువ ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కండి, ఆర్‌పీఎం పైకి ఎగిరి వేగం మాత్రం అక్కడే ఉంటే క్లచ్ జారుతోంది, కొత్త టార్క్‌ను అది మోయలేదు. ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్సు ఆయిల్ మార్చించి, లోడు మీద దాని వేడి ఎంతకు పోతోందో స్కానర్‌లో గమనించండి. కొన్నాళ్లు 100 దాటకుండా నడపండి, 100 నుంచి 120కి వెళ్తే కిలోమీటరుకు కావాల్సిన శక్తి దాదాపు మూడో వంతు పెరుగుతుంది, అది కలిస్తే మ్యాప్ ఏం చేసిందో లెక్కలో తేలదు. మూడు ట్యాంకులు అయ్యాక మొదట తీసిన అంకెలతో పోల్చండి. మీ బండి అసలు మ్యాప్ ఫైలు కాపీ ట్యూనర్ దగ్గర అడిగి తీసుకుని మీ దగ్గరే పెట్టుకోండి, మైలేజీ తగ్గిందని తేలితే దాన్ని తిరిగి ఎక్కించడం గంట పని.